పశ్చాత్తాపానికి హారం ఏది?

గాజువాక నుంచి ఒక పాఠకుడు రాశారు: "లింగమార్పిడి చికిత్స చేయించుకున్నవాళ్ళలో ఒక్క శాతమే తర్వాత బాధపడతారని ఒక వీడియోలో విన్నాను. ముప్పై శాతం మంది మధ్యలో మానేస్తారని ఇంకోదాంట్లో విన్నాను. ఇద్దరూ పరిశోధనలే చూపిస్తున్నారు. ఎవరు అబద్ధం చెబుతున్నారండీ?"

రెండు అంకెలూ నిజమైన పరిశోధనల్లోవే. తమాషా అక్కడే ఉంది. హార్మోన్లు ఏం చేస్తాయి, ఆపరేషన్ ఎలా చేస్తారు అన్నవి ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వదిలేస్తున్నాను. నన్ను పట్టుకున్నది భిన్నంలో గీత కింద ఉండే అంకె, హారం.

మన విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి వంద సోనా బోట్లు వేటకెళ్ళాయనుకోండి. జెట్టీ మీద ఒకాయన పుస్తకం పట్టుకుని కూర్చున్నాడు. డీజిలు ఖర్చు కూడా రాక నష్టంతో వచ్చిన బోట్లెన్నో రాసుకోవడం ఆయన పని. 64 బోట్లు తిరిగొచ్చాయి. ఒకటో అరో నష్టంతో వచ్చాయి. మరి మిగతా 36? కాకినాడలో రేటు బాగుందని అక్కడే సరుకు దించేసి ఉండొచ్చు. ఇంజను పాడై ఇంకేదో రేవు చేరి ఉండొచ్చు. లేదా అప్పులవాడు ఇదే జెట్టీ మీద కాచుకున్నాడని తెలిసి, మొహం చూపించలేక రాకపోయి ఉండొచ్చు. ఈ చివరి రకం బోట్లు రెండు మూడున్నా చాలు, లెక్క తారుమారవుతుంది.

64, 36 నేను ఊహించినవి కావు. ఆమ్‌స్టర్‌డామ్ క్లినిక్ వాళ్ళు 1972 నుంచి 2015 దాకా తమ దగ్గరికొచ్చిన 6,793 మంది రికార్డులు చూసి 2018లో ఒక పత్రం ప్రచురించారు. వృషణాలో అండాశయాలో తీయించుకున్నాక పశ్చాత్తాపపడినవాళ్ళు ట్రాన్స్ స్త్రీలలో 0.6 శాతం, ట్రాన్స్ పురుషుల్లో 0.3 శాతం. అదే పత్రంలో, 36 శాతం మంది క్లినిక్కు రావడం మానేశారని కూడా ఉంది. రానివాళ్ళు కూడా వచ్చినవాళ్ళలాంటివాళ్ళే అనుకుంటే శాతం ఒకటి దాటదు. రానివాళ్ళందరూ బాధపడుతున్నారనుకుంటే మూడో వంతు దాటుతుంది. రెండూ అతిశయాలే. నిజం మధ్యలో ఎక్కడుందో ఆ పుస్తకం ఒక్కటే చూసి చెప్పలేం. మార్పు మానుకుని వెనక్కి వచ్చిన 100 మందిని 2021లో అమెరికాలో ఒక పరిశోధకురాలు సర్వే చేస్తే, ఆ సంగతి తమకు చికిత్స చేసిన డాక్టరుకు చెప్పామన్నవాళ్ళు 24 మందే. అయితే అది రాని బోట్లనే వెతికి పట్టుకుని అడిగిన లెక్క. ఒకవైపు మొగ్గు దానికీ ఉంది.

స్వీడన్‌లో జాడ తెలియకపోవడమనే బెడద తక్కువ, ప్రభుత్వ రిజిస్టర్లున్నాయి. 1960 నుంచి 2010 దాకా అక్కడ తేలింది 2.2 శాతం. కాని మళ్ళీ పాత లింగానికే మార్చమని సర్కారుకు దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళే ఇందులో లెక్క. బోటు అమ్ముకుంటానని కాగితం పెట్టినవాడే నష్టపోయినట్టన్నమాట. ఇక ఆ ముప్పై శాతం సంగతి. అమెరికా సైనిక కుటుంబాల వైద్య పథకంలో 952 మంది మందుల చీటీలు చూస్తే, నాలుగేళ్ళ తర్వాత కూడా హార్మోన్లు తీసుకుంటున్నవాళ్ళు 70.2 శాతం. మిగిలినవాళ్ళలో కొందరు బయట సొంత డబ్బుతో కొనుక్కుంటూ ఉండొచ్చు. ఆ ముప్పై శాతం మందినీ మునిగిన బోట్ల కింద జమ కట్టింది పరిశోధకులు కాదు, వీడియోలవాళ్ళు.

మన బడుల్లో సాంఖ్యకశాస్త్రమంటే అంకగణిత సగటు, మధ్యగతం, బాహుళకం కట్టించి వదిలేస్తాం. ఈ పట్టికలోకి రానివాళ్ళు ఎవర్రా అని అడిగిన మాస్టారు నాకు తగల్లేదు.

ఆమ్‌స్టర్‌డామ్ పత్రంలో నాకు అన్నిటికన్నా విలువైన అంకె 130. పశ్చాత్తాపం బయటపడటానికి సగటున 130 నెలలు పట్టింది, అంటే దాదాపు 11 ఏళ్ళు. అమెరికాలో పరిశోధన గ్రాంటు మామూలుగా ఐదేళ్ళు, అధ్యక్షుడి పదవి నాలుగేళ్ళు. జవాబు వచ్చేలోపు రెండు మూడు ఎన్నికలు అయిపోతాయి. రాజకీయం చెయ్యి పెట్టేది అంకెల్లోకన్నా ఆ లెక్క రాసే పుస్తకంలోనే ఎక్కువ. 2025 జనవరి 28న ట్రంప్, 19 ఏళ్ళలోపు వాళ్ళకు ఈ చికిత్సలు అందకుండా చేసే ఉత్తర్వు మీద సంతకం పెట్టారు. ఆ తర్వాత ట్రాన్స్ ఆరోగ్యం మీద నడుస్తున్న గ్రాంట్లు వరసగా రద్దయ్యాయి. మరోపక్క పశ్చాత్తాపం మీద పరిశోధన చేయించమని ఆ దేశపు జాతీయ ఆరోగ్య సంస్థకు ఆదేశం వెళ్ళింది. ఏళ్ళ తరబడి అవే మనుషుల వెంట నడవాల్సిన అధ్యయనం మధ్యలో ఆగితే, అందులోని అందరూ ఒక్కరోజులో జాడ తెలియనివాళ్ళే.

అవతలి పక్షమూ తక్కువ తినలేదు. యుక్తవయసును ఆపే మందుల మీద 2015లో సర్కారు డబ్బుతో మొదలైన అధ్యయనంలో, పిల్లల మానసిక స్థితి మెరుగుపడలేదని తేలింది. ప్రత్యర్థులు దాన్ని ఆయుధంగా వాడుకుంటారనే ప్రచురణ ఆపానని, దాన్ని నడిపిన డాక్టర్ జొహానా ఓల్సన్-కెనెడీ 2024లో న్యూయార్క్ టైమ్స్‌కు చెప్పారు. నా దృష్టిలో ఇది గ్రాంటు కోయడానికి తీసిపోయే పని కాదు. 1933 మే 6న బెర్లిన్‌లో నాజీలు లైంగికత మీద పరిశోధన చేసే మాగ్నస్ హిర్ష్‌ఫెల్డ్ సంస్థ మీద పడి దోచుకున్నది, నాలుగు రోజులకు దాని పుస్తకాలు తగలబెట్టింది వేరే స్థాయి దుర్మార్గం, అందులో సందేహం లేదు.

ఇంగ్లండులో మంచి ప్రయత్నమే జరిగింది. పిల్లలకిచ్చే ఈ చికిత్సల మీద డాక్టర్ హిలరీ కాస్ చేసిన సమీక్ష కోసం, పిల్లల క్లినిక్కు వెళ్ళిన సుమారు 9,000 మంది పెద్దయ్యాక ఎలా ఉన్నారో రికార్డులు కలిపి చూద్దామనుకున్నారు. దానికోసం 2022లో ప్రత్యేక ఉత్తర్వు కూడా తెచ్చారు. అప్పట్లో పెద్దల క్లినిక్కులు ఏడింటిలో ఆరు సహకరించలేదు. మన పోలికలో చెప్పాలంటే, కనపడని బోట్లు ఆ రేవుల్లోనే ఉన్నాయి, తాళం తీయలేదంతే.

మన దగ్గర ఏం చేయొచ్చు? 2019 చట్టం వైద్యమూ పరిశోధనా రెండూ ప్రభుత్వ బాధ్యతే అంది. 2022లో ఆయుష్మాన్ భారత్ కింద ట్రాన్స్‌జెండర్లకు ఏడాదికి 5 లక్షల కవరేజీ ప్రకటించారు. చిక్కు ఇంకోచోట ఉంది. కొత్త షాపు తెరిస్తే హిజ్రాల చేత దిష్టి తీయించుకుంటాం, వాళ్ళ దీవెన తగులుతుందని నోటు చేతిలో పెడతాం. అదే మనిషి అద్దెకు ఇల్లడిగితే "ఖాళీ లేదమ్మా" అంటాం. ఇల్లు మారి, పేరు మారి, సిమ్ మారిన మనిషిని పదకొండో ఏట ఏ ఆసుపత్రి వెతికి పట్టుకుంటుంది?

మనకో వెసులుబాటుంది. హిజ్రాల్లో గురువు, చేలా (శిష్యురాలు) బంధం గట్టిది. చేలా ఊరు మారినా ఎక్కడుందో గురువుకు సాధారణంగా తెలుస్తుంది. కాబట్టి ఆపరేషన్ రోజున గురువు నంబరు కూడా కేస్ షీట్‌లో రాసుకోవాలి. ట్రాన్స్ పురుషులకు ఆ గొలుసు లేదు, వాళ్ళకు ఒక స్నేహితుడి నంబరు. పైగా వెనక్కి తగ్గినవాళ్ళు మొదట తెంచుకునేది గురువుతోనే కావచ్చు. అందుకని, మాటలున్నా లేకపోయినా, అమ్మ నంబరు కూడా అడిగి తీసుకోవాలి.