కారణాంకాలు రాయలేదని పోయిన మార్కు

డిసెంబరు 22, గణిత దినోత్సవం దగ్గర పడేసరికి నెల్లూరులో పాత గొడవ మళ్లీ లేచింది. నిరుడు ఇక్కడ జరిగిన ఒక క్విజ్‌లో 2⁶⁷−1 ప్రధాన సంఖ్య అవునా కాదా అని అడిగారు. అంటే 14,75,73,95,25,89,67,64,12,927. కావలి నుంచి వచ్చిన పదో తరగతి అమ్మాయి ‘కాదు’ అని రాసి, ‘లూకాస్ పరీక్షలో చివరి శేషం సున్నా రాదు’ అని కారణం చూపింది. ఇలాంటి సంఖ్య ప్రధానమో కాదో తేల్చే పద్ధతి అది. కారణాంకాలు రాయలేదని మార్కు కట్ చేశారు. ఈసారీ అదే పద్ధతిలో దిద్దుతారని తెలిసి లెక్కల మాస్టర్ల వాట్సాప్ గ్రూపులు రెండుగా చీలాయి.

1644లో మెర్సెన్ అనే ఫ్రెంచి సన్యాసి దీన్ని ప్రధాన సంఖ్యల జాబితాలో చేర్చడం, 1903లో న్యూయార్క్‌లో కోల్ అనే అమెరికా గణితవేత్త 19,37,07,721ని 7,61,83,82,57,287తో గుణిస్తే ఇదే వస్తుందని చూపడం చాలామంది విన్న కథే. క్విజ్ జవాబుల కీ కోల్ దగ్గరే ఆగిపోయింది. అసలు మలుపు మాత్రం అంతకు 27 ఏళ్ల ముందుది.

1876లో ఫ్రాన్స్‌కు చెందిన ఎడ్వార్డ్ లూకాస్ ఈ సంఖ్య ప్రధానం కాదని తేల్చాడు, ఒక్క కారణాంకమూ చేతిలో లేకుండానే. తర్వాత లెహ్మర్ అనే అమెరికా గణితవేత్త ఆ పరీక్షను ఇంకా సులువు చేశాడు. 4తో మొదలుపెట్టాలి. వర్గం చేసి, 2 తీసేసి, మన సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోవాలి. ఘాతం కన్నా రెండు తక్కువ సార్లు ఇలా చేస్తే చివరికి సున్నా రావాలి; వస్తే ప్రధానం, రాకపోతే కాదు. 31 అంటే 2⁵−1. దానికి మూడుసార్లు చాలు: 4, 14, 8, 0. ప్రధానమే. 2047 అంటే 2¹¹−1; తొమ్మిదిసార్లు చేస్తే 1736 మిగులుతుంది. కాబట్టి ప్రధానం కాదు. 23ను 89తో గుణిస్తే 2047 వస్తుందన్న సంగతి ఈ లెక్కలో ఎక్కడా కనపడదు, కనపడాల్సిన అవసరమూ లేదు. మన 21 అంకెల సంఖ్యకైతే 65 సార్లు చేయాలి. మామూలుగా భాగించుకుంటూ పోతే 19 కోట్లు దాటేదాకా ఏదీ తెగదు.

కారణాంకాలు లేకపోతే ఊహించి రాశారో తెలిసి రాశారో ఎలా చెప్పగలమని దిద్దినవారి వాదన. అందులో కొంత న్యాయం ఉంది. కానీ బట్టీ పట్టడానికి వీలైనవి ఆ రెండు కారణాంకాలే. ఆ అమ్మాయి రాసింది పద్ధతి.

2002లో ఐఐటీ కాన్పూర్‌లో మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ఇచ్చిన పద్ధతి ఏ సంఖ్యకైనా పనికొస్తుంది. అదీ కారణాంకాలు వెతకదు. ఇక 385 అంకెల 2¹²⁷⁷−1 సంగతి చూడండి. ప్రధానం కాదని ఎప్పుడో తేలింది, కారణాంకం ఒక్కటీ ఇంతవరకు దొరకలేదు. ఆ కీ లెక్కన దీనికి ప్రపంచంలో ఎవరికీ మార్కు రాదు.

ఈ సంఖ్యనే చూపిస్తూ అమ్మాయి తండ్రి ఈ వారం మళ్లీ అర్జీ పెట్టారు. నిర్వాహకుల నుంచి జవాబు రావాల్సి ఉంది.