బ్లాక్ హిల్స్: సూ తెగలు ముట్టని పరిహారం

అమెరికా ఆదివాసులైన సూ తెగల పేర ఆ దేశ ఖజానాలో జమ అయి ఉన్న సొమ్ము వడ్డీతో కలిపి ఎప్పుడో వంద కోట్ల డాలర్లు దాటింది. వాళ్లు నిరుపేదలు. అయినా అందులో ఒక్క డాలరు కూడా ముట్టలేదు. ఎందుకో తెలియాలంటే 1868లో అమెరికా ప్రభుత్వం ఆ తెగలతో చేసుకున్న ఫోర్ట్ లారమీ ఒప్పందం దగ్గరికి వెళ్లాలి.

నేటి దక్షిణ డకోటాలో మిస్సోరీ నదికి పడమరనున్న నేలంతా, అందులోని బ్లాక్ హిల్స్ అనే కొండలతో సహా, సూ తెగలదేనని ఆ ఒప్పందం రాసిచ్చింది. పన్నెండో అధికరణం మరీ స్పష్టంగా ఉంది: వయోజన పురుషుల్లో కనీసం నాలుగింట మూడొంతుల మంది సంతకం చేయనిదే ఈ భూమిలో ఏ భాగాన్ని వదులుకున్నా చెల్లదు.

ఆరేళ్లకే, 1874లో, అమెరికా సైన్యాధికారి కస్టర్ దళం ఆ కొండల్లో బంగారం ఉందని తేల్చింది. గని కార్మికులు ఎగబడ్డారు. వాళ్లను అడ్డుకోవాల్సిన సైన్యం చివరికి తెగల మీదికే నడిచింది. 1876 జూన్‌లో లిటిల్ బిగ్‌హార్న్ నది దగ్గర తెగలతో జరిగిన పోరులో కస్టర్ చనిపోయాడు. ఆగస్టులో అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ తెగల తిండికి ముడిపెట్టింది: కొండలు వదులుకుంటేనే రేషన్. వేట భూములు పోయి ఆ రేషన్ మీదే బతుకుతున్న జనం వాళ్లు. అంత ఒత్తిడి చేసినా సంతకాలు వచ్చింది పది శాతం మంది పురుషుల నుంచే. 1877లో కాంగ్రెస్ ఆ కొద్దిమంది సంతకాల కాగితాన్నే చట్టం చేసి కొండలను లాక్కుంది. పచ్చిగా చెప్పాలంటే, అది కడుపు మాడ్చి రాయించుకున్న కాగితం.

తెగలు 1923లో దావా వేశాయి. 1942లో అది కొట్టివేతకు గురైంది. మళ్లీ పోరాడగా 1980లో సుప్రీంకోర్టు తెగల పక్షాన తీర్పిచ్చింది. 1877 నాటి విలువ 1.71 కోట్ల డాలర్లు, దానిపై ఏటా 5 శాతం వడ్డీ, మొత్తం 10 కోట్లకు పైగా చెల్లించాలని తేలింది. కొండల ఊసు మాత్రం లేదు. ఆ దావాలో కోర్టు ఇప్పించగలిగింది డబ్బే.

తెగల మాట ఒకటే: ఆ కొండలు పవిత్రం, మేం అమ్మలేదు. డబ్బు తీసుకుంటే అమ్మినట్టే అవుతుంది. ఈ పట్టుదలను మొండితనమనడం అన్యాయం. ఒప్పందాన్ని అక్షరాలా పాటించమని అడుగుతున్నది వాళ్లే.

భూమిని తిరిగి ఇవ్వగలిగేది కాంగ్రెసే. సెనేటర్ బిల్ బ్రాడ్లీ 1985లో అందుకోసం బిల్లు పెట్టారు. ఫెడరల్ ప్రభుత్వ అధీనంలోని సుమారు 13 లక్షల ఎకరాలే అడిగారు, ప్రైవేటు భూముల జోలికి పోలేదు. అదీ చట్టం కాలేదు.