పెదతాతయ్య ఎముకల దాహం

అమలాపురం

చిన్నీకి, బాబీకి దీవెనలు.

"మెడకి ఆపరేషన్ చేస్తే పెదతాతయ్య చేత అన్నేసి కాల్షియం బిళ్లలు ఎందుకు మింగిస్తున్నారు?" అని చిన్ని అడిగింది. ఫోన్లో తేలే సంగతి కాదని రాస్తున్నాను.

మెడలో థైరాయిడ్ గ్రంథి వెనక బియ్యపుగింజంత గ్రంథులు నాలుగు ఉంటాయి. పారాథైరాయిడ్ అంటారు. ఇవి మొదట కనబడింది మనిషిలో కాదు, ఖడ్గమృగంలో! 1850 ప్రాంతంలో, లండన్ జూలో చనిపోయిన మన దేశపు ఖడ్గమృగాన్ని కోసి చూసినప్పుడు ఓవెన్ అనే శాస్త్రవేత్త కంటపడ్డాయి. మనుషుల్లో ఉన్నవాటి గురించి 1880లో స్వీడన్ దేశపు శాండ్‌స్ట్రోమ్ రాశాడు.

ఒక హార్మోన్ వదిలి, రక్తంలో కాల్షియం తగ్గకుండా చూడటం వీటి పని. రక్తాన్ని మన కాలువ అనుకోండి, ఎముకల్ని చేలు అనుకోండి. ఈ గ్రంథులు కాలువ నీటిని కాపలా కాసే లస్కర్లు. కాలువ మట్టం తగ్గకూడదన్నది వాళ్లకున్న ఒకే ఒక్క ఆర్డరు.

పెదతాతయ్యకి కిడ్నీలు పాడై చాలా ఏళ్లయింది కదా. పాడైన కిడ్నీ విటమిన్ డి ని పనికొచ్చేలా మార్చలేదు. అది లేకపోతే తిన్న కాల్షియం పేగుల్లోంచి సరిగా ఎక్కదు. ఒంట్లో ఫాస్ఫరస్ కూడా పేరుకుపోతుంది. అంటే పైనుంచి నీరు రావడం లేదు. లస్కర్లు ఏం చేశారు? చేలగట్లకి గండికొట్టి మడిలో నీళ్లు కాలువలోకి తోడేశారు. ఏళ్ల తరబడి అదే పని. ఆ పనిలో పడి వాళ్లూ బలిసిపోయారు. కాలువ నిండుగానే ఉంది, చేలు మాత్రం బీటలు వారాయి. చెప్పిన పనే అయినా వెనకా ముందూ చూసుకోకుండా చేస్తే ఇల్లు గుల్లవుతుందర్రా.

మా చిన్నప్పుడు ఎండాకాలం కాలువ కట్టేస్తే, అన్నయ్యా నేనూ బురదలోకి దిగి జెల్లలు పట్టేవాళ్లం. ముల్లు గుచ్చుకుంటే ఏడ్చేది నేను, ఇంట్లో తన్నులు తినేది వాడు. జూన్‌లో ధవళేశ్వరం దగ్గర నీరు వదిలారని తెలిసినా మా శివారుకి ఓ పట్టాన వచ్చేది కాదు. దారిలో ఎండిన చేలన్నీ తాగేసేవి.

ఆపరేషన్ తర్వాత జరిగిందీ అదే. బలిసిన గ్రంథులు తీసేశారు, గండ్లు పూడాయి. ఇన్నాళ్లూ ఎండిన ఎముకలు రక్తంలో ఉన్న కాల్షియమంతా గటగటా తాగేశాయి. కాలువ అడుగంటింది. అందుకే రెండో రోజున ఆయన పెదాల చుట్టూ, వేళ్ల చివర్లా తిమ్మిరి, కాళ్లకి పిక్కలు పట్టేయడం. మరీ తగ్గితే గుండె లయ కూడా తప్పుతుంది, అందుకే డాక్టర్లకి అంత టెన్షన్. సెలైన్‌లో కాల్షియం ఎక్కించారు, ఇప్పుడు బిళ్లలూ, పనికొచ్చే రూపంలో ఉన్న విటమిన్ డి ఇస్తున్నారు. ఈ దాహం వారాలు పట్టొచ్చు, నెలలూ పట్టొచ్చు. తీరేకొద్దీ ఎముక గట్టిపడుతుంది.

అలాగని లస్కరు అసలే లేకపోయినా కష్టమే. పాత ఎముక కరగాలి, కొత్తది కట్టాలి. ఆ హార్మోన్ మరీ తగ్గితే రెండూ ఆగిపోతాయి. ఇక్కడ నా కాలువ కథ సరిపోవడం లేదు, వదిలేస్తున్నాను. రక్తపరీక్షలు మాటిమాటికీ చేసేది ఈ ఎక్కువతక్కువలు కనిపెట్టడానికే.

బాబీ, ఎముకలకి మంచిదని నువ్వు గ్లాసెడు పాలు పట్టుకెళ్లి ఆయనకివ్వకు. పాలల్లో ఫాస్ఫరస్ ఉంటుంది. డాక్టరు చెప్పిన కొలతే పోయాలి. బాత్రూం గచ్చు మీద నీళ్లుంటే తుడిచెయ్యండి, ఆ ఎముకలు ఇంకా పడితే ఓర్చుకోవు. మూతి తిమ్మిరిగా ఉందని ఆయనంటే వెంటనే అమ్మని పిలవండి.

ఒక వింత చెప్పనా? తీసిన గ్రంథిలో చిన్న ముక్కని పారేయకుండా ఆయన ముంజేతిలో పెట్టి కుట్టేశారు. మెడలో ఉండాల్సింది చేతిలో బతుకుతుంది, అక్కణ్ణుంచే పని చేస్తుంది! ఎలా అని నన్నడగకండి, నాకూ ఆశ్చర్యమే. ఎడమ చేతికి డయాలసిస్ ఫిస్టులా, అంటే రక్తం శుద్ధి చేయడానికి నరాలు కలిపి కుట్టిన చోటు, ఉంది కాబట్టి కుడిచేతిలో పెట్టారు. ఆదివారం వెళ్లినప్పుడు చూపించమనండి. కుట్టు గీత ఒక్కటే కనబడుతుంది. నొక్కి చూడకండేం.

మీ తాతయ్య