హ్యామ్‌స్టర్ పంజరాన్ని టేపుతో కొలిచి కొనండి

ఎలుకను పోలిన చిన్న పెంపుడు జంతువులైన హ్యామ్‌స్టర్ల కోసమని అమ్మే పంజరాల్లో మూడంతస్తులవి, రంగురంగుల గొట్టాలు తగిలించినవి, నిచ్చెనలున్నవి బోలెడు. చూడగానే పిల్లలు ముచ్చటపడతారు. అడుగున ఉండే ప్లాస్టిక్ ట్రేలో టేపు దించి చూడండి. లోతు ఏ 5 సెంటీమీటర్లో, 8 సెంటీమీటర్లో ఉంటుంది. లోపల ఉండాల్సిన జీవికి అన్నిటికన్నా ముఖ్యమైంది, తవ్వుకోవడానికి తగినంత లోతు, అక్కడే కొరవడింది.

ఇళ్లలో ఎక్కువగా పెంచే సిరియన్ హ్యామ్‌స్టర్ సొంతచోటు సిరియా ఉత్తరభాగం, దాన్ని ఆనుకున్న దక్షిణ టర్కీ పొలాలు. 1930లో ఇజ్రాయెల్ అహరోనీ అనే జంతుశాస్త్రవేత్త అలెప్పో దగ్గర నేల తవ్వించి ఒక తల్లినీ దాని పిల్లల్నీ పట్టించాడు. ఇప్పుడు పెంపకంలో ఉన్న సిరియన్లు దాదాపు అన్నీ ఆ కుటుంబం సంతానమే. ఆ ప్రాంతపు బొరియలను తర్వాతి పరిశోధకులు తవ్వి కొలిస్తే సగటు లోతు 65 సెం.మీ. తేలింది. కొన్ని మీటరు దాటాయి. ఒక్కో బొరియలో పెద్ద జంతువు ఒక్కటే. అందుకే ఒక పంజరంలో ఒక సిరియన్‌నే ఉంచాలి. రెండోది చేరితే ప్రాణాలు తీసుకునేదాకా కొట్లాడుకుంటాయి.

నేల వైశాల్యం సంగతి ముందు తేల్చుకుందాం. జంతు సంక్షేమం కోసం పనిచేసే జర్మన్ పశువైద్యుల సంఘం చెప్పే కనీస కొలత 100 సెం.మీ. పొడవు, 50 వెడల్పు, 50 ఎత్తు. అంటే ఒకే తలంగా 5,000 చదరపు సెం.మీ. నేల. మూడు చిన్న అంతస్తుల్ని కూడి ఆ లెక్క చూపించడం కుదరదు. హ్యామ్‌స్టర్‌కి చూపు అంతంతమాత్రం, కింద ఎంత లోతుందో పోల్చుకోలేదు, అంచు మీది నుంచి అడుగు వేసి పడిపోతుంది. పై అంతస్తు నుంచి పడితే కాలో వెన్నో విరుగుతుంది.

స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో 1,800 నుంచి 10,000 చదరపు సెం.మీ. దాకా నాలుగు పరిమాణాల పంజరాల్లో సిరియన్లను ఉంచి గమనించారు. చిన్నవాటిలో ఉన్నవి ఊచలు ఎక్కువసేపు, ఎక్కువసార్లు కొరికాయి, ఇబ్బంది పడుతున్నాయనడానికి అది గుర్తు. అయితే అన్నిటికన్నా పెద్ద పంజరంలోనూ కొరకడం పూర్తిగా ఆగలేదు. అదే ఊళ్లో జరిగిన మరో ప్రయోగంలో మార్చింది పరుపు (తవ్వుకోవడానికి అడుగున పోసే పొట్టు) లోతును: 10, 40, 80 సెం.మీ. పది సెంటీమీటర్ల మీద ఉన్నవి మిగతావాటికన్నా బాగా ఎక్కువగా కొరికాయి. 80 సెం.మీ. లోతున్న చోట ఊచ కొరికిన హ్యామ్‌స్టర్ ఒక్కటీ కనిపించలేదు. పంజరం ఎంచుకునేటప్పుడు ఈ ఒక్క ఫలితం గుర్తుంటే చాలావరకు పని అయినట్టే.

ఇంట్లో 80 సెం.మీ. అందరికీ సాధ్యం కాదు. కనీసం 25 సెం.మీ. పట్టే అడుగుభాగం మాత్రం ఉండాలి, 40 అయితే ఎంతో మేలు. మీటరు పొడవు, అరమీటరు వెడల్పున్న పంజరంలో 25 సెం.మీ. నింపడానికి 125 లీటర్ల పరుపు పడుతుంది, నొక్కితే ఇంకా ఎక్కువే. నొక్కాలి కూడా. వదులుగా పోస్తే సొరంగం తవ్వినకొద్దీ కూలిపోతుంది, రెండు మూడు రోజులకు జంతువు ప్రయత్నం మానేస్తుంది. కాగితపు పరుపు గానీ ఆస్పెన్ అనే చెట్టు చెక్క పొట్టు గానీ ఐదేసి సెంటీమీటర్ల పొరగా పోసి, అరచేత్తో గట్టిగా అదిమి, పొరల మధ్య ఎండుగడ్డి పరవాలి. పోగుల అల్లిక సొరంగానికి వాసాల్లా పనిచేస్తుంది. రెండు వేళ్లు లోపలికి గుచ్చి తీయండి: రంధ్రం అలాగే నిలిస్తే సరిపోయింది, పూడిపోతే ఇంకా అదమాలి. ఘాటైన వాసన వచ్చే దేవదారు, పైన్ పొట్టు వద్దు, ఆ ఆవిర్లు ఊపిరితిత్తుల్ని బాధిస్తాయి. దూదిలాంటి మెత్తటి పీచు మరీ ప్రమాదం. కాళ్లకు చుట్టుకుని రక్తం ఆడనివ్వదు, మింగితే పేగుల్లో అడ్డం పడుతుంది.

ఇంత లోతును ఊచల పంజరం మోయలేదు. ట్రే తక్కువ లోతుది, పైన పోసిందంతా బయటికి రాలుతుంది. ట్రే లోతుగా ఉన్నది దొరికితే ఊచల సందు కొలవండి: సిరియన్‌కి 1 సెం.మీ. దాటకూడదు, మరుగుజ్జు జాతులకు 6 మిల్లీమీటర్లు. తల దూరిందంటే ఒళ్లంతా దూరుతుంది. గాజు తొట్టి పరుపును చక్కగా పట్టి ఉంచుతుంది, సొరంగాలు కూడా కనిపిస్తాయి. పైన గాలాడే జాలీ మూత తప్పనిసరి. పెద్ద ప్లాస్టిక్ పెట్టెతో సొంతంగా చేసుకునేవారు మూతలో, పక్కల్లో కిటికీలు కోసి 6 మి.మీ. కన్నులున్న ఇనుప జాలీని లోపలివైపు నుంచి, కోసిన అంచు మూసుకుపోయేలా బోల్టులు, వాషర్లతో బిగించాలి. ప్లాస్టిక్ పట్టీలతో కడితే ఒక్క రాత్రిలో కొరికేస్తుంది.

హ్యామ్‌స్టర్ పరుగెత్తే చక్రం విషయంలో ఎత్తు లెక్క చాలామందికి తప్పుతుంది. సిరియన్‌కి 28 నుంచి 30 సెం.మీ. వ్యాసం కావాలి, అంతకన్నా చిన్నదైతే పరుగులో వెన్ను పైకి వంగుతుంది. మరుగుజ్జులకు 20 చాలు. పరుగెత్తే తలం నిండుగా ఉండాలి, కమ్మీలు ఉంటే సందుల్లో కాలు ఇరుక్కుంటుంది. ఇప్పుడు కూడండి: చక్రం స్టాండుతో కలిపి 32, పరుపు 25, మొత్తం 57. యాభై ఎత్తున్న పంజరంలో పట్టదు. కాబట్టి పరుపును ఒకవైపు 30, మరోవైపు 12 వచ్చేలా వాలుగా పోసి, చక్రాన్ని లోతు తక్కువున్న వైపు పెట్టాలి. అదీ నేరుగా పరుపు మీద కాదు, కాళ్లు పంజరం అడుగుకు ఆనే చిన్న బల్ల మీద. ఏ బరువైన వస్తువుకైనా ఇదే పద్ధతి. లేదంటే కింద తవ్వుకున్న సొరంగం కూలి జంతువు నలిగిపోతుంది.

పంజరంలో పెట్టే చిన్న ఇంటి ద్వారాలు, గొట్టాలు సిరియన్‌కి కనీసం 7 సెం.మీ. ఉండాలి. బుగ్గసంచుల్లో గింజలు కూరుకుని తిరిగొచ్చేటప్పుడు దాని తల మామూలుకన్నా ఎంతో వెడల్పవుతుంది. ఇరుకు గొట్టంలో అలాగే ఇరుక్కుపోతుంది.

పంజరం ఎండ పడని చోట, 18 నుంచి 24 డిగ్రీల మధ్య ఉండాలి. ఎండలో గాజు తొట్టి కాసేపట్లోనే పొయ్యిలా కాగుతుంది. టీవీ పక్కన కూడా వద్దు, మన చెవికి అందని సన్నటి ధ్వనులు దానికి వినిపిస్తాయి.

అంతా అమర్చాక కూడా ఊచలు కొరుకుతుంటే, ముక్కు మీద వెంట్రుకలు అరిగి చర్మం బయటపడితే, ముందు లోతు పెంచండి, తర్వాత నేల, ఆపై చక్రం చూడండి. వారం వారం మొత్తం ఖాళీ చేసి కడగడం కూడా దాన్ని కలవరపెట్టేదే, కట్టుకున్న ఇల్లూ సొంత వాసనా ఒకేసారి పోతాయి. మూత్రం పోసే మూల ఒకటే ఉంటుంది, రెండు మూడు రోజులకోసారి అక్కడి గుప్పెడు తడి పొట్టు తీసేస్తే చాలు. నిల్వ అరలో కూరగాయ ముక్కలుంటే తీసేయండి, ఎండు గింజలు దాచినచోటే ఉండనివ్వండి.