1.56: బోర్డు శుభ్రతకు గీటురాయిగా మారిన పాత అంకె

సర్క్యూట్ బోర్డుల తయారీలో శుభ్రత మాటెత్తితే ఇప్పటికీ ముందు వినపడే అంకె చదరపు సెంటీమీటరుకు 1.56 మైక్రోగ్రాములు. బోర్డు మీది అయానులన్నీ (విద్యుదావేశమున్న కణాలు) కలిపి ఎంత ఉప్పుకు సమానమో చెప్పే లెక్క ఇది. ఏళ్ల తరబడి దీని లోపలుంటే పాస్, దాటితే ఫెయిల్.

దీని పుట్టుక 1970ల మొదట్లో, ఇండియానాపొలిస్‌లోని అమెరికా నౌకాదళ ఏవియానిక్స్ కేంద్రంలో. 75 పాళ్లు ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 25 పాళ్లు అయానులు తీసేసిన నీళ్లు కలిపి ద్రావణం చేసేవారు. బోర్డును గరాటు మీద పట్టుకుని చదరపు అంగుళానికి 10 మిల్లీలీటర్ల చొప్పున కనీసం నిమిషం పాటు సన్నగా ధార పోసి, బీకరులో పట్టేవారు. అయానులు చేరేకొద్దీ ద్రావణం విద్యుత్ నిరోధకత తగ్గుతుంది. అది మొదట కనీసం 6 మెగోమ్-సెంటీమీటర్లు ఉండాలి, కడిగాక 2 కంటే దిగకూడదు. ఆ 2ను ఉప్పులోకి మారిస్తే చదరపు అంగుళానికి 10.06 మైక్రోగ్రాములు, అంటే చదరపు సెంటీమీటరుకు మన 1.56. రోజిన్ ఫ్లక్సుతో (లోహం బాగా అతుక్కునేలా పూసే పదార్థం) సోల్డర్ చేసిన బోర్డును సాల్వెంటుతో సరిగా కడిగారా అని చూసుకోవడానికి అది చక్కగా సరిపోయింది.

తర్వాత గరాటు పోయి యంత్రాలొచ్చాయి. ఒక్కోటి ఒక్కోలా ద్రావణాన్ని తిప్పుతుంది కాబట్టి ఒకే బోర్డుకు అంకెలు వేరుగా వచ్చేవి. అందుకే సైనిక ప్రమాణంలో గరాటు పద్ధతి 1.56కు ఒమెగామీటరు అనే యంత్రంలో 2.2, అయోనోగ్రాఫు అనే యంత్రంలో 3.1 సమానమని పట్టిక పెట్టారు. ఆ పట్టిక తర్వాతి వాళ్లకు గుర్తులేదు, 1.56 మాత్రం అందరికీ నోటికొచ్చింది.

1.56కు అసలు దెబ్బ 1987 మాంట్రియల్ ఒప్పందంతో పడింది. కడిగేందుకు వాడే సీఎఫ్‌సీ-113 అనే సాల్వెంటు ఓజోను పొరకు చేటని, సంపన్న దేశాల్లో 1995 ఆఖరుకల్లా తయారీ ఆపేశారు. కడగనక్కర్లేని నో-క్లీన్ ఫ్లక్సులు పుంజుకున్నాయి. వాటిలోని అడిపిక్ లాంటి బలహీన ఆమ్లాలు రీఫ్లో (సోల్డర్‌ను కరిగించి అతికే దశ) వేడికి చాలావరకు పోవాలి, మిగిలింది ఫ్లక్సులోని రెజిన్ జిగురులో చిక్కుకుని ఊరుకోవాలి. కాళ్లు లేకుండా బోర్డుకు అంటుకుని కూర్చునే క్యూఎఫ్ఎన్ చిప్పు కింద మాత్రం సందు 50 మైక్రాన్లు కూడా ఉండదు. ఆవిరికి దారిలేక ఫ్లక్సు జిగటగా, ఆమ్లం చురుగ్గానే మిగిలిపోతుంది. తేమ, వోల్టేజీ తోడైతే ఆనోడు దగ్గర లోహం కరిగి కాథోడు మీద పేరుకుని, చెట్టుకొమ్మల్లా ఎదురు పెరిగి షార్టు చేస్తుంది.

లెక్క వేసి చూడండి. 10×16 సెంటీమీటర్ల బోర్డు, రెండు వైపులా కలిపి 320 చదరపు సెంటీమీటర్లు. 5 మిల్లీమీటర్ల చదరపు క్యూఎఫ్ఎన్ కింద 20 మైక్రోగ్రాములు దాగి ఉందనుకోండి. అక్కడికక్కడ చూస్తే చదరపు సెంటీమీటరుకు 80. ద్రావణం అదంతా కరిగించినా బోర్డు సగటుకు కలిసేది 0.06. పాస్! పైగా ఆ సందులోకి ద్రావణం సరిగా దూరదు కూడా. మరోవైపు రెజిన్‌లో బందీగా ఉన్న, ఏ హానీ చేయని ఆమ్లాన్ని ఆల్కహాల్ కరిగించి మంచి బోర్డును ఫెయిల్ చేస్తుంది.

చివరికి 2018లో సోల్డరింగు పరిశ్రమ ప్రమాణం జె-స్టాండర్డ్-001 జి కూర్పుకు వచ్చిన సవరణ 1.56ను ప్రక్రియ ఆమోదానికి గీటురాయిగా తీసేసి, ప్రక్రియ సరైనదని ఆధారాలు చూపమంది. తయారీదారులు చేయాల్సింది నమూనా బోర్డుల మీద 40 డిగ్రీలు, 90 శాతం తేమలో 168 గంటలు ఉపరితల నిరోధకత పరీక్ష (బోర్డు పైన కరెంటు లీకవుతోందా అని చూడడం), అయాన్ క్రోమటోగ్రఫీతో ఏ అయాను ఎంతుందో విడదీసి చూడడం. పాత పరీక్ష ఇప్పుడు, అలా ఆమోదం పొందిన ప్రక్రియ అటూ ఇటూ జారుతోందా అని రోజూ చూసుకోవడానికి పనికొస్తుంది, ఆ హద్దు అంకె కూడా ఎవరి ప్రక్రియకు వాళ్లే తేల్చుకోవాలి. సోల్డర్ పేస్టు మార్చినా, రీఫ్లో ప్రొఫైల్‌ను (వేడి పెంచి తగ్గించే తీరు) గట్టిగా కదిపినా ఆమోదం పని మళ్లీ మొదటికే.