మోడ్‌బస్ లైన్‌లో ఈ పారిటీ తలనొప్పి ఎక్కడి నుంచి వచ్చింది?

మోడ్‌బస్ అంటే ఫ్యాక్టరీల్లో మీటర్లు, డ్రైవ్‌ల లాంటి పరికరాలు మాట్లాడుకునే పద్ధతి. ఒకే ఆర్‌ఎస్-485 లైన్ (పరికరాలన్నీ పంచుకునే సీరియల్ వైర్లు) మీద వేర్వేరు కంపెనీల పరికరాలు కలిపితే ఒకటి 8ఈ1 అంటుంది, ఇంకోటి 8ఎన్1 అంటుంది, ఎక్కడో ఒకటి 8ఎన్2 అంటుంది. ఇందులో 8 డేటా బిట్ల సంఖ్య, ఈ అంటే ఈవెన్ పారిటీ, ఎన్ అంటే పారిటీ లేదని, చివరి అంకె స్టాప్ బిట్ల సంఖ్య. పారిటీ అంటే ఒకట్ల సంఖ్య సరి (ఈవెన్) లేదా బేసి (ఆడ్) అయ్యేలా చేర్చే, తప్పులు పట్టే బిట్. వైరింగ్ సరిగ్గానే ఉంటుంది, అడ్రస్ కూడా సరైనదే, అయినా మీటర్ జవాబివ్వదు. దీని మూలాలు టెలిప్రింటర్ల (వైరు మీద వచ్చిన అక్షరాలను అచ్చు వేసే యంత్రాల) కాలంలో ఉన్నాయి.

టెలిప్రింటర్లలో పంపే యంత్రానికీ అందుకునే యంత్రానికీ ఉమ్మడి క్లాక్ లేదు. అందుకే ప్రతి అక్షరం ముందు స్టార్ట్ బిట్ పెట్టి అవతలి యంత్రాన్ని కదిలించేవారు, చివర్లో స్టాప్ బిట్ పెట్టి అది ఆగి మళ్ళీ సిద్ధమయ్యేందుకు టైమ్ ఇచ్చేవారు. 1963లో వచ్చిన టెలిటైప్ మోడల్ 33 వేగం సెకనుకు 110 బిట్లు, అక్షరానికి 11 బిట్లు (ఒక స్టార్ట్, ఏడు డేటా, ఒక పారిటీ, రెండు స్టాప్), అంటే సెకనుకు 10 అక్షరాలు. ఆ రెండో స్టాప్ బిట్ కదిలే భాగాల కోసం పెట్టింది.

1979లో మోడికాన్ కంపెనీ తన పీఎల్‌సీల (ఫ్యాక్టరీ యంత్రాలను నడిపే కంప్యూటర్ల) కోసం మోడ్‌బస్ తెచ్చింది. అందులో సందేశాన్ని అక్షరాలుగా పంపే ఆస్కీ మోడ్‌కు ఏడు డేటా బిట్లు, నేరుగా బైట్లుగా పంపే ఆర్‌టీయూ మోడ్‌కు ఎనిమిది. ఆర్‌టీయూలో ప్రతి అక్షరం 11 బిట్లే ఉండాలని స్పెక్ (మోడ్‌బస్ నిబంధనల పత్రం) చెబుతుంది: డిఫాల్ట్ ఈవెన్ పారిటీ, పారిటీ వద్దనుకుంటే ఆ ఖాళీలో రెండో స్టాప్ బిట్ పెట్టాలి. అంటే 8ఈ1 లేదా 8ఎన్2. ఈ పొడవు ఊరికే చెప్పింది కాదు, ఎందుకంటే ఆర్‌టీయూ ఫ్రేమ్‌కు (ఒక పూర్తి సందేశానికి) ఆస్కీ మోడ్‌లోలాగా మొదట్లో కోలన్, చివర్లో గుర్తు లాంటివి ఏవీ లేవు, లైన్ మూడున్నర అక్షరాల సేపు నిశ్శబ్దంగా ఉంటేనే ఫ్రేమ్ అయిపోయినట్టు. సెకనుకు 9600 బిట్ల వేగంలో అది సుమారు 4 మిల్లీసెకన్లు.

మరి స్పెక్‌లో లేని 8ఎన్1 ఇంతగా ఎలా పాకింది? పీసీలు, మోడెమ్‌ల ప్రపంచంలో అదే అలవాటైపోయింది, సాఫ్ట్‌వేర్‌లన్నీ దానితోనే తెరుచుకునేవి. పైగా ఫ్రేమ్ చివర 16 బిట్ల సీఆర్‌సీ (ఫ్రేమ్ మొత్తంలో తప్పులు పట్టే లెక్క) ఎలాగూ ఉంది కదా, పారిటీ ఎందుకన్న వాదన కూడా ఉంది, అందులో బలం లేకపోలేదు. కానీ స్పెక్ ఒకటి చెబుతుంటే డిఫాల్ట్‌గా ఇంకోటి పెట్టి పరికరాన్ని బయటికి పంపడం మాత్రం నాకు అస్సలు నచ్చదు, ఆ భారమంతా సైట్‌లో కమిషనింగ్ చేసేవాళ్ళ మీద పడుతుంది.

అసలు చిక్కు ఏమిటంటే, ఈ తేడా ఉన్నప్పుడు లైన్ పూర్తిగా చచ్చిపోదు. మాస్టర్ (లైన్ మీద ప్రశ్నలు అడిగే పరికరం) 8ఈ1లో పంపుతుంటే, 8ఎన్1లో ఉన్న పరికరం పారిటీ బిట్‌ను స్టాప్ బిట్ అనుకుంటుంది. అడ్రస్ 1 అయితే దాని బిట్లలో ఒక్క 1 మాత్రమే ఉంది కాబట్టి పారిటీ 1, ఆ బైట్ చక్కగా దాటిపోతుంది. ఆ వెంటనే వచ్చే ఫంక్షన్ కోడ్ (ఏం చేయాలో చెప్పే బైట్) 3లో రెండు ఒకట్లు, పారిటీ 0, స్టాప్ బిట్ ఎప్పుడూ 1 కావాలి కాబట్టి అక్కడ ఫ్రేమింగ్ ఎర్రర్. అదే ఫంక్షన్ కోడ్ 4 అయితే మళ్ళీ దాటిపోతుంది. కొన్ని బైట్లు మాత్రమే పాడవుతుంటే మనం కేబుల్‌నో టెర్మినేషన్ రెసిస్టర్‌నో అనుమానించి గంటలు పోగొట్టుకుంటాం. 8ఎన్1, 8ఎన్2 కలిస్తే మాత్రం చాలావరకు నడిచిపోతుంది, ఎందుకంటే సీరియల్ బిట్లు చదివే మామూలు యూఆర్ట్ చిప్‌లు మొదటి స్టాప్ బిట్‌నే చూస్తాయి. ఆ తేడా ఏళ్ళ తరబడి ఎవరి కంటా పడకుండా ఉండిపోవడానికి కారణం అదే.

మోడ్‌బస్ లాంటివే అయిన ప్రొఫిబస్ డీపీ, ఎమ్-బస్ వాడేవాళ్ళకు ఈ టెన్షన్ లేదు. వాటిలో 8ఈ1 ఒక్కటే, మార్చే వీలే లేదు. హార్ట్ అనే ప్రోటోకాల్‌లోనూ అంతే, అక్కడ ఆడ్ పారిటీ. డీఎన్‌పీ3 అనే ఇంకో ప్రోటోకాల్ పారిటీ వాడదు కానీ, డేటాలో ప్రతి 16 బైట్లకు ఒక సీఆర్‌సీ పెట్టి ఆ లోటు తీర్చుకుంది. మోడ్‌బస్ వచ్చే నాటికి రకరకాల టెర్మినల్స్, మోడెమ్‌లు లైన్ల మీద ఉన్నాయి, అందుకే ఎంపికను వాడేవాళ్ళకు వదిలేసి ఉంటారు. ఇప్పుడు కొత్తగా మీటరో డ్రైవో చేసేవాళ్ళకు ఆ ఇబ్బంది లేదు కాబట్టి 8ఈ1నే డిఫాల్ట్‌గా పెట్టి, ఆ సంగతి పరికరం లేబుల్ మీదే అచ్చు వేయొచ్చు.