కింద ఫ్రీజరు, పైన గీజరు

"కింద సూపర్ మార్కెట్, పైన నాలుగంతస్తుల ఫ్లాట్లు కడుతున్నాం. గ్రీన్ బిల్డింగ్ అనిపించుకోవాలంటే ఏం చేయాలి?" అని కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకుడు అడిగారు. సోలార్ ప్యానెళ్లు, ఇంకుడు గుంత, డాబాకు తెల్ల పూత ఎలాగూ అందరూ చెబుతారు. అవన్నీ చేయించండి. కానీ కొట్టూ కాపురమూ ఒకే కప్పు కింద ఉంటేనే దొరికే లాభం ఒకటుంది. దాని ఊసు ఎవరూ ఎత్తరు.

ఇలాంటి బిల్డింగు వెనక సందులోకి డిసెంబరులో తెల్లవారుజామున వెళ్లి చూడండి. సూపర్ మార్కెట్ ఔట్‌డోర్ యూనిట్ తిరుగుతూనే ఉంటుంది, ముఖానికి వేడిగాలి కొడుతుంది. సరిగ్గా దాని పైన బాత్‌రూముల్లో గీజర్ల ఎర్ర లైట్లు వెలుగుతుంటాయి. కింద కరెంటు ఖర్చుపెట్టి వేడిని సందులోకి నెడుతున్నారు. పైన కరెంటు ఖర్చుపెట్టి వేడి పుట్టిస్తున్నారు! కింది వేడినే పైకి పంపి స్నానాల నీళ్లు కాచుకోవచ్చు కదా?

ఫ్రిజ్ చల్లదనాన్ని తయారు చేయదు, లోపలి వేడిని బయటికి మోస్తుంది. ఇంటర్‌లో ఈ పాఠాన్ని ఓ పూటలో ముగించేస్తారు గానీ, అసలు మజా ఇక్కడే ఉంది. ఫ్రీజర్లన్నీ కలిపి 10 కిలోవాట్ల వేడిని లాగడానికి 4 కిలోవాట్ల కరెంటు తింటున్నాయనుకుందాం. బయటికి పోయేది మొత్తం 14 కిలోవాట్లు. అదంతా నీళ్లలోకి పట్టాలని చూస్తే గ్యాసు ద్రవంగా మారే ఉష్ణోగ్రత (కండెన్సింగ్ ఉష్ణోగ్రత) పెరిగి, కంప్రెసర్ ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది. అందుకే కంప్రెసర్ నుంచి 70 డిగ్రీలు దాటి వచ్చే గ్యాసును, అది ద్రవంగా మారకముందే, డీసూపర్‌హీటర్ (గ్యాసు వేడిని నీళ్లకు అందించే పరికరం) గుండా పంపి పై పై వేడినే తీసుకుంటారు. సుమారు 15 శాతం, అంటే 2.1 కిలోవాట్లు. యంత్రాలు రోజుకు 16 గంటలు నడిచినా దాదాపు 1,150 లీటర్ల నీళ్లు 20 నుంచి 45 డిగ్రీలకు చేరతాయి. 20 లీటర్ల బకెట్లు 50కి పైనే!

గీజరు ఆగ్నేయంలోనే ఉండాలా అని వాస్తు అడిగేవాళ్లున్నారు. వేడికి దిక్కులు తెలియవు, ఉష్ణోగ్రతల తేడా ఒక్కటే తెలుసు.

కింద ఉన్నది బట్టల షాపైతే ఈ పథకం పారదు. వేణ్నీళ్లు కావలసిన చలికాలంలోనే వాళ్ల ఏసీ ఆగిపోతుంది. ఐస్‌క్రీమ్ ఫ్రీజరుకు మాత్రం సెలవు లేదు. ఆఫీసుల సంగతి వేరు. 2004లో అబ్దుల్ కలాం ప్రారంభించిన హైదరాబాద్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌లో గాలిని ముందే చల్లబరిచే విండ్ టవర్లు అద్భుతమే గానీ, ఆఫీసులో తెల్లవారుజామున స్నానం చేసేవాళ్లెవరు?

పైపుల షాఫ్టు, ఇన్సులేషన్ ఉన్న ట్యాంకు ప్లాన్‌లోనే ఉండాలి. స్లాబు పడ్డాక దానికి కన్నాలు తొలిచే కోర్ కటింగ్ పెద్ద తలనొప్పి. నిల్వ నీళ్లలో లెజియోనెల్లా అనే జబ్బు చేసే బ్యాక్టీరియా పెరగకుండా అప్పుడప్పుడు 60 డిగ్రీలకు కాచే హీటరూ పెట్టాలి. ఇక బిల్లు షాపుది, స్నానం ఫ్లాటుది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు కాకుండా, పైకి వెళ్లే పైపుకు ఒక హీట్ మీటరు పెట్టించి, యూనిట్ రేటు లీజు అగ్రిమెంటులోనే రాయించుకోండి.